మర్ఫాయును కుర్చీయును

సికింద్రాబాదునుండి ఉప్పలునకు బోవు బస్సులో మేము ముప్పది సంవత్సరములు ప్రయాణము చేసితిమి. మా యిల్లు చిలకలగూడలో. మేము పనిచేసిన సంస్థయొక్క గిడ్డంగులు ఉప్పలు మార్గమున. తార్నాక దాటగనే కండక్టరు "హబ్సిగూడ, హబ్సిగూడ" యని కేకవేయును; దిగువారు దిగుదురు, ఎక్కువారు ఎక్కుదురు. 2017వ సంవత్సరమున మెట్రోరైలు వచ్చిన పిమ్మట ఆ పేరునే యంత్రములోని కంఠ మొకటి పలుకుచున్నది. ఇన్ని వేల మారులు ఆ పేరు చెవిని బడినను, అందలి హబ్సీ యెవడు, ఎచ్చటినుండి వచ్చెను, ఏమయ్యెను అని మేమొక్క దినమైనను తలపోసినవారము కాము. నోట నాడు పేరు మనసున దిగకపోవుట మనుష్యులకు సహజమే కాబోలు. కాని మా విషయమున దానిని సహజమని త్రోసివేయ వీలులేదు. ఏలయన, హబ్సీవంశీయు డొకడు మా కన్నుల యెదుటనే పందొమ్మిదేండ్లు పనిచేసెను. ఆయనకు మే మన్యాయము చేసితిమి. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా సంస్థ పరదేశపు వర్తకసంస్థకు శాఖ. దానికి మేము కొంతకాలము పెద్దగా నుంటిమి. ఒక జనవరి నెలలో సముద్రముల కావలి ప్రధానకార్యాలయము నుండి తాఖీదు వచ్చెను: ఫిబ్రవరి మాసమున నల్లజాతివారి వారసత్వమును గౌరవించుచు ప్రతిశాఖయు నొక సభ జరుపవలెను, ఛాయాచిత్రములు పంపవలెను. మేము నవ్వితిమి. "సికింద్రాబాదులో నల్లజాతివారెక్కడ? ఎండలో తిరిగి నల్లబడిన మనము తప్ప!" అంటిమి. బల్ల చుట్టు కూర్చున్న వారందఱును నవ్విరి. పెద్దకుర్చీలోనివాడు పరిహాసమాడినప్పుడు నవ్వు రాకున్నను నవ్వుట ఉద్యోగధర్మము గదా! అందొక చిన్న ఉద్యోగిని మాత్రము నవ్వక, "మన గిడ్డంగిలో భాయి ఉన్నారు కదండీ, ఏసీ గార్డ్సు నుండి వస్తారే, ఆయన" అనెను.

ఆయన పేరిచ్చట వ్రాయము. అందఱును భాయి యనియే పిలిచెడివారు గనుక మేమును అట్లే యందుము. భాయి గిడ్డంగిలో సరకు లెక్కల గుమాస్తా. బి.కామ్. పట్టభద్రుడు. ఉరుదూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటను చక్కగా ఉత్తరము వ్రాయగలవాడు. ఏడాది చివర సరకు లెక్కించునప్పుడు ఆయన పుస్తకమునకును అలమరలకును భేదము వచ్చిన, అలమరలనే తిరిగి లెక్కించెడివారు, అంతటి నమ్మకము. కాని మేనిచాయ మిక్కిలి నలుపు, జుట్టు రింగులు, నిలువెత్తు విగ్రహము. మావారు ఈ మూడింటినే చూచిరి. వెస్టిండీసు ఆటగాని పేరొకటి తగిలించి చాటున బిలిచెడివారు. బాకీదారుడు మొండికెత్తినప్పుడు, "భాయిని వెంట దీసికొనిపొండు, మాటాడ నక్కఱలేదు, ప్రక్కన నిలుచున్న చాలును" అని పంపినవారము మేమే. హమాలీలు కూలి పెంచుమని గుమిగూడిన దినమున లెక్కల పుస్తకము మూయించి ఆయనను గేటుకడ నిలిపినవారమును మేమే. పట్టభద్రుని గుమాస్తాగా బెట్టుకొని కావలివానిగా వాడుకొంటిమి. ఆయన ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పనివానికి బాధ లేదనుట మావంటి యధికారులకు సిద్ధాంతము.

సభ జరిగెను. భాయి తన పేటనుండి నలుగురైదుగురు యువకులను మర్ఫాతో దీసికొనివచ్చెను. నిజాము కొలువున సైనికులుగా వచ్చిన హద్రమౌతు అరబ్బులును, ఆఫ్రికానుండి వచ్చిన సిద్దీలును ఈ నగరమునకు దెచ్చిపెట్టిన వాద్యమిది. డప్పులు, డోళ్లు, లోహపు బిందెలు, కఱ్ఱలు కలిసి మ్రోగినప్పుడు కాళ్లు నిలువవు. ఈ జంటనగరములలో పెండ్లి ఊరేగింపులయందు హిందువులనక ముసల్మానులనక అందఱును దీనిని పెట్టుకొందురు. మా వారందఱును ఆడిరి, మేమును ఆడితిమి. పిమ్మట భాయికి శాలువ కప్పి, సమానత్వమును గూర్చి పావుగంట యుపన్యసించితిమి. ఛాయాచిత్రములు సముద్రముల దాటిపోయెను. మెచ్చుకోలు ఉత్తరము మఱునాడే వచ్చెను.

ఆ సాయంకాలము కుర్చీలు మడచి గోడకు జేర్చుచున్న భాయి మా కడకు వచ్చి, "సాబ్, ఒక్క మాట అడుగొచ్చా?" అనెను. అడుగుమంటిమి.

"మర్ఫా కొట్టనీకి పిలిచిండ్రు, కొట్టిన. శాలువ కప్పిండ్రు, మంచిగనే ఉన్నది. కుర్చీ ఖాళీ అయిననాడు ఎందుకు పిలువలేదు సాబ్?"

ఆ ప్రశ్న యర్థము మాకు వెంటనే తెలిసినది. రెండేండ్లకు ముందు గిడ్డంగి యధికారి పదవి ఖాళీ యయ్యెను. భాయి కంటె ఆఱేండ్లు చిన్న, భాయి చేతనే సరకు లెక్కలు నేర్చుకొన్న యొక యువకుని ఆ పదవిలో గూర్చుండబెట్టితిమి. అతడు మంచివాడే. కాని భాయి నేల కాదంటిమి? మేము తడబడి, "అనేక విషయము లాలోచించి చేసిన నిర్ణయము, భాయి" అంటిమి.

"ఆ కాగితం ఫైలుల కుట్టింది నేనే సాబ్" అని యాయన మఱల కుర్చీలు మడచుటకు బోయెను.

ఆ కాగితములో మేము వ్రాసిన వాక్యమిది: పనియందు సమర్థుడే, కాని ఖాతాదారుల యెదుట నిలుపదగిన వ్యక్తిత్వము లేదు. చదువరులారా! ఆ వాక్యమున నలుపు అను మాట లేదు. జాతి లేదు, మతము లేదు. ఎవ్వరును మమ్ము తప్పుపట్టలేనంత శుభ్రమైన వాక్యము. దురభిమానము చదువుకొన్నవాని చేతబడినప్పుడు ఇట్టి యిస్త్రీ బట్టలు కట్టుకొనియే తిరుగును. బాకీదారుని బెదరించుటకు పనికివచ్చిన విగ్రహము ఖాతాదారునకు నమస్కారము చేయుటకు పనికిరాకపోవుట యేమి? ఆ రాత్రి ఈ ప్రశ్న కెన్ని విధముల సమాధానము చెప్పుకొన్నను ఒక్కటియు నిలువలేదు.

వచ్చిన ఆదివారము మేము మాసబ్‌ట్యాంకు దగ్గఱనున్న ఏసీ గార్డ్సుకు బోయి భాయి యిల్లు వెదకుకొంటిమి. ఏసీ గార్డ్సనగా ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు. నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళము నివసించిన చోటు. ఆ మాట మాకు నాడే తెలిసెను. అంతవఱకు చల్లని గాలినిచ్చు యంత్రమునకు సంబంధించిన పేరేమో యని పరిహాసమాడెడివారము. రెండు గదుల యిల్లు. గోడమీద ఆయన తాతగారి ఛాయాపటము: దళపు దుస్తులు, చేత గుఱ్ఱపు కళ్లెము. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశమున గలిసెను. పిమ్మట నిజాము దళములు రద్దయ్యెను. గుఱ్ఱమును, ఈటెను తప్ప మఱొక విద్య నెఱుగని వారు ఒక్కసారిగా వీథిన బడిరి. తాతగారు కావలి పనికి బోయెనట. తండ్రి సైకిళ్లు బాగుచేసెనట. ఆ సైకిళ్ల కూలితో భాయి బి.కామ్. చదివెను.

భాయి తల్లి మాకు చాయి యిచ్చి, "మీరేనా మావాని బడే సాబ్? మీ గురించి మంచిగ చెప్తడు" అనెను. మాకు తల యెత్తుటకు ధైర్యము చాలలేదు. మాటలలో ఆమెయే మఱొకటి చెప్పెను: పెద్ద మనుమరాలికి ఇంటరుతో చదువు మాన్పించిరట, రుసుము కట్టలేక. ఏ సంవత్సరమని యడిగితిమి. మేమా వాక్యము వ్రాసిన సంవత్సరమే. ఆ పదవికిని ఈ పదవికిని గల జీతపు భేదము మాకు తెలియును. ఆ బిడ్డ కాలేజీ రుసుము అంతకంటె తక్కువ. ఒక వాక్యము ఒక్క మనుష్యుని యొద్ద ఆగదు. అది వాని యింటి గడప దాటి లోనికి బోవును.

ఆ దినమున భాయి మా కొక చరిత్రపాఠము చెప్పెను. హబ్సీ యనగా అబిసీనియా దేశమువాడు. సిద్దీ యను పేరు అరబ్బీలో ప్రభువును బిలుచు గౌరవపదము నుండి వచ్చినదని చెప్పుదురు. వీరిలో పెక్కుమందిని దాస్యమున నమ్మి తెచ్చిరి; కొందఱు సైనికులుగా, నావికులుగా, వర్తకులుగా వచ్చిరి. వీరిలోని మలిక్ అంబరును గూర్చి పాఠశాలలో రెండు పంక్తులు చదివితిమి గాని, ఆయన నల్లవాడని మనసున బట్టించుకొన్నవారము కాము. 1548 ప్రాంతమున ఇథియోపియాలో బుట్టి, బాల్యముననే అమ్మబడి, అరబ్బుదేశముల చేతులు మారి దక్కనుకు జేరిన బానిస యాయన. ఆయనను గొన్నవాడు అహమ్మదునగరు మంత్రి చెంగిజ్ ఖాను; ఆ మంత్రియును ఒకనాడు బానిసగా వచ్చిన హబ్సీయే. 1600లో మొగలులు అహమ్మదునగరు కోటను బట్టుకొన్న తరువాత, ఆ రాజ్యమును మరల నిలువబెట్టి, 1626లో చనిపోవువఱకు నడపినవాడు అంబరు. అక్బరు సేనలును జహంగీరు సేనలును ఆయనను లొంగదీయలేకపోయెను. శివాజీ తాతయగు మాలోజీ ఆయన కొలువున నుండెను. భూమిని గొలిపించి, పంటను బట్టి శిస్తు నిర్ణయించెను. 1610లో ఖడ్కీ నగరమును గట్టించి, భూగర్భమున కాలువలు త్రవ్వించి నీరు దెచ్చెను. ఆ ఖడ్కీయే పిమ్మట ఔరంగాబాదు, నేటి ఛత్రపతి సంభాజీనగరము. 1956వఱకు అది మన హైదరాబాదు రాజ్యములోని నగరమే.

ఈ కథలో మాకు దోచిన నీతి అంబరు ప్రతిభ మాత్రమే కాదు. ప్రతిభ గల బానిసలు వేలమంది యుండి యుందురు. వారి పేరులు మట్టిలో గలిసిపోయినవి. కొనితెచ్చిన పిల్లవానియందు చెంగిజ్ ఖాను శరీరమును మాత్రమే చూడక బుద్ధిని గూడ చూచెను, రాజ్యకార్యములు నేర్పించెను. తాను నడచివచ్చిన ముండ్లదారి వానికి జ్ఞాపకముండెను. పెద్దఱికమనగా నిదియే గదా! తన కుర్చీ ప్రక్క మఱొక కుర్చీ వేయగలవాడే పెద్ద.

అయినను అంబరు కథ చెప్పి చప్పట్లు కొట్టుట గూడ నొక విధమగు తప్పించుకొనుటయే. భాయికి మేము గిడ్డంగి యిచ్చుటకు ఆయన మలిక్ అంబరు కావలసిన పనిలేదు. మేమేమి తోడరమల్లులమని ఆ పెద్దకుర్చీలో గూర్చుంటిమి? మామూలు తెలివి గల మామూలు మనుష్యులము. మా వంటివారికి మామూలు తెలివి చాలును, నల్లవానికి మాత్రము మహాపురుషత్వము కావలెననుట ఏ శాస్త్రము?

ఈ సందర్భమున అమెరికా సంగతి కొంచెము చెప్పవలెను. ఏలయన, చదువరులలో పెక్కుమంది బిడ్డలో మనుమలో అచ్చట నుందురు. మా కొమారుడు నచ్చటనే యున్నాడు. మాకు తాఖీదుగా వచ్చిన ఫిబ్రవరి యుత్సవమునకు మూలపురుషుడు కార్టర్ వుడ్‌సన్ అను నల్లజాతి చరిత్రకారుడు. ఆయన తలిదండ్రులు బానిసత్వమున బుట్టినవారు. తన జాతికి చరిత్ర లేదను మాట పుస్తకములలో జదివి సహింపలేక, 1926లో ఆయన ఒక వారపు టుత్సవము నారంభించెను. 1976నుండి అది మాసోత్సవమయ్యెను. ఆ దేశమున మనవారి స్థితి యెట్లుండెను? 1923లో అచ్చటి అత్యున్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను భారతీయుని వ్యాజ్యెమున, ఆయన తెల్లవాడు గాడు గనుక పౌరసత్వమున కర్హుడు గాడని తీర్పు చెప్పెను. 1946లో చట్టము మారినను ఏడాదికి నూఱుమంది భారతీయులకే ప్రవేశము. నల్లవారు వీథులలో దెబ్బలు తిని, చెఱసాలలకు బోయి, ప్రాణములిచ్చి పోరాడగా 1964లో పౌరహక్కుల చట్టము వచ్చెను. ఆ గాలిలోనే 1965లో, జాతిని బట్టి మనుష్యులను వడగట్టు వలసచట్టమును ఆ దేశము మార్చుకొనెను. మన తెలుగుబిడ్డలు సూట్‌కేసులతో నడచిపోయిన తలుపు అది. ఆ తలుపు తెఱచినవారి చేతులు నల్లనివి. అట్టి నల్లవారిని గూర్చియే మనవారు ఫోనులో "ఆ పేటలో ఇల్లు తీసికోవద్దు, అక్కడ వాళ్లుంటారు" అని బిడ్డలకు బుద్ధి చెప్పుదురు. మేమును మా కొమారునకు అట్లే చెప్పితిమి.

ఈ దురభిమానము పరదేశమున నేర్చినది గాదు. మన వంటయింటిలోనే నేర్చితిమి. నలుపు నారాయణుడు మెచ్చు నని సామెత చెప్పుదుము. కృష్ణుడను పేరునకే నలుపని యర్థము, రాముడు నీలమేఘశ్యాముడు, పాంచాలి పేరు కృష్ణ. నల్లని దేవునకు హారతి యిచ్చి, ఆ హారతి పళ్లెము క్రింద బెట్టకమునుపే, పెండ్లికూతురు చామనచాయ యని సంబంధము త్రిప్పిపంపుదుము. కడుపుతో నున్న కోడలికి బిడ్డ తెల్లగా బుట్టుటకు కుంకుమపువ్వు పాలు త్రాగింతుము. బిడ్డ బుట్టగనే ఆడయా మగయా యని యొకరు, ఎఱుపా నలుపా యని యొకరు. ఉయ్యాలలో మొదలైన యీ పరీక్షయే ఉద్యోగపు దస్త్రమున వ్యక్తిత్వమను పేరుతో ముగియును. రంగున కిది యెట్లో కులమునకు నట్లే. 1906లో భాగ్యరెడ్డివర్మగారు హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి, పిమ్మట బడులు పెట్టించి కోరినది దయ గాదు, చోటు. ఆ భేదము మాకు నాడు చదువులో దెలిసినది గాని, భాయి కుర్చీలు మడచు సాయంకాలమున గాని యనుభవమునకు రాలేదు.

ఇక మేము చేసిన దేమి? గొప్పగా చెప్పుకొనదగిన దేదియు లేదు. ఆలస్యముగా దీర్చిన యప్పు, అదియు వడ్డీ లేకుండ. పదునాలుగు నెలల పిమ్మట ఆ యువకుడు వేఱు నగరమునకు బదిలీ యయ్యెను. మేము మూడు నియమములు పెట్టితిమి. ఏ పదవి ఖాళీ యైనను గోడమీద మూడు భాషలలో బ్రకటింపవలెను. ఒక్కడే గాక ముగ్గురు, అందొకరు గిడ్డంగివారు, పరీక్షించి నిర్ణయింపవలెను. కాదనినవారికి కారణమును కాగితముమీద వ్రాసి, వారి చేతికే యీయవలెను. ఆ కారణములలో రూపము, వ్యక్తిత్వము అను మాటలుండరాదు. భాయి మొదట దరఖాస్తు పెట్టలేదు. "దయతో ఇచ్చేది నాకొద్దు సాబ్" అనెను. పరీక్ష అందఱికి నొక్కటే యనియు, నిర్ణయించు మువ్వురలో మేము లేమనియు చెప్పితిమి. కడపటి దినమున దరఖాస్తు వచ్చెను. పరీక్షలో ఆయనయే మొదటివాడు.

భాయి మూడేండ్లు ఆ కుర్చీలో నుండి పదవీవిరమణము చేసెను. ఆ మూడేండ్లలో గిడ్డంగి మారిన విధము చూచితిమి. హమాలీలను "ఒరే, అరే" యని పిలుచుట మాన్పించి, పేరుల పట్టిక వ్రాయించి పేరులతో బిలిపించెను. తనకు తగిలించిన పేరు ఆయన మఱచిపోలేదు గాబోలు. త్రాగునీటి కూజా గేటు వెలుపల నుండెడిది. దానిని లోపలికి దెప్పించెను. ప్రతి శనివారము కూలి లెక్క అందఱియెదుట బిగ్గఱగా జదివించెను. ఆ మూడేండ్లును గేటుకడ ఎవ్వరిని నిలుపవలసిన యవసరము రాలేదు. మా పరిహాసమునకు నవ్వని యా చిన్న ఉద్యోగినికి సరకు రవాణాలెక్కలన్నియు నేర్పి, తన తరువాత పరీక్షకు నిలువదగినదానిగా జేసెను.

చివరి సంవత్సరమున మేము మా మేనల్లుని యొకని గుమాస్తాపనికి సిఫారసు చేసితిమి. వారము తిరుగకుండ భాయి సంతకముతో నొక కాగితము మా బల్లమీదికి వచ్చెను. మూడు కారణములు, మూడు పంక్తులలో: లెక్కల పరీక్షలో మార్కులు చాలవు, పనిని జూచుటకు రమ్మన్న దినమున రాలేదు, అంతకంటె సమర్థు లిద్దఱు దరఖాస్తుదారులలో నున్నారు. మా నియమమును మాకే చదివి చెప్పినట్లుండెను. ఇంటిలో మా చెల్లెలు పదునైదు దినములు మాతో మాటాడలేదు. ఆ కాగితమును మేమే స్వయముగా దస్త్రమున గుట్టితిమి.

భాయి పెద్దకొమార్తె పెండ్లియై బిడ్డలతో నున్నది. ఆమె చదువు మరల మొదలుకాలేదు. మేము చేసిన దానిలో దిద్దుకొనరానిది అది. కావున చదువరులకు మా మనవి యొక్కటి. మీ కార్యాలయములలో సభలు జరుపుడు, వాద్యములు మ్రోయింపుడు, శాలువలు కప్పుడు. అవి చెడ్డవి గావు. కాని సభ ముగిసిన పిమ్మట కుర్చీలు మడచుచున్నది ఎవరో యొకమారు చూడుడు. ఆయన మీ యొద్ద ఎన్నేండ్లనుండి యున్నాడో, ఎందఱికి పని నేర్పెనో, నేర్చుకొన్నవారిప్పు డెచ్చట గూర్చున్నారో లెక్క వేయుడు. ఇంటిలో పిల్లలకు హబ్సిగూడ, సిద్ది అంబరు బజారు, ఏసీ గార్డ్సు అను పేరులు ఎక్కడివో చెప్పుడు. మేము నేటికిని అప్పుడప్పుడు ఆ మార్గమున బోవుచుందుము. ఆ పేరు చెవిని బడినప్పుడు మాకు రాజులు, అశ్వికులు జ్ఞప్తికి రారు. ఇంటరుతో చదువాగిన యొక ఆడబిడ్డ జ్ఞప్తికి వచ్చును.